వంతెన మీద డాలు

రాత్రి పదిన్నరకి
కాశీబుగ్గ గేటు దగ్గర గూడ్సు ఆగిపోయి కూతపెట్టే వేళకి
మేం ఐదుగురం, ఐదు ఫోన్లలోంచి
ఒకే కోటలోకి దిగుతాం.

మొదట్లో చావంటే లెక్కలేదు.
జోగారావు ఒక్క రాత్రిలో పదకొండుసార్లు చచ్చాడు.
ప్రతిసారీ నూతిగట్టు మీద లేచి కూర్చుని
"ఏటర్రా, టీ తాగీసినారా?" అనేవాడు.
జీడితొక్కల్లా రాలేవి ప్రాణాలు,
ఊడ్చి ఓ మూల పోస్తే సరిపోయేది.

కథ నడిపేవాణ్ణి నేను.
దెయ్యాలకి గొంతు నాది, వానకి నాది,
సంతలో చింతపండు అమ్మే ముసలమ్మకీ నాదే.
ఎవరూ చావని చోట
దెయ్యాన్ని ఎవరి మీదికి తోలను?
విసుగొచ్చి ఒక కట్టుబాటు పెట్టాను:
ఒకసారి చస్తే చచ్చినట్టే.
ఆ పేరు మళ్లీ ఎవరూ పెట్టుకోకూడదు.

మొదటి చావు వెధవ చావు.
లోకనాథం కత్తి ఎత్తాడు, కరెంటు పోయింది, టవరు పోయింది,
తిరిగొచ్చేసరికి తోడేలు తినేసింది.
"నన్ను సంపింది సబ్‌స్టేషనోడు, నీ తోడేలు కాదు"
అని మూడు రోజులు మాట మానేశాడు.
ఏం చెప్పను?
తిత్లీ నాడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు
ఏ అర్థం చూసుకుని పడ్డాయి?

మా చినమావ జముకుల కథలో
పాతికేళ్లు ఒకే రాజుని చంపాడు, ఊరికొక్కసారి.
ప్రతి ఊళ్లోనూ ఆడవాళ్లు ముక్కు చీదుకున్నారు.
అంటే చచ్చి లేవడంలో తప్పు లేదేమో.
ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

అప్పట్నుంచి, ఎవరినైనా చంపే ముందు
ఒక్క మాట అడుగుతున్నాను:
ఉన్నావా?

*

రేషను మిషను హైమావతి బొటనవేలిని గుర్తుపట్టదు.
పదేళ్ల జీడిరసం గీతలన్నీ తినేసింది.
కోటలో ఆమె పేరు ఇనపనీలి.
డాలు మోస్తుంది, తక్కువ మాట్లాడుతుంది,
తప్పులు దిద్దకుండా పంపేస్తుంది.

ఆ రాత్రి ధాన్యం బళ్లు వంతెన దాటాలి.
వెనక రాతిసేన.
అందరూ బతికే దారి ముందే రాసిపెట్టుకున్నాను,
వంతెన కింద పడవ, తాడు, తెడ్డు కూడా.
రెండుసార్లు సైగ చేశాను.
ఆమె చూసింది.
చూసి, "ఆ ముసల్దాన్ని పడవలో దింపండి" అంది.

ఆ ముసలమ్మ ఎవరనుకున్నారు,
నా గొంతే కదా.
చింతపండు బుట్టతో సహా నన్ను నేనే దింపుకున్నాను.
పడవలో ఇంకొకరికి చోటు లేదు.

ఉన్నావా?

తెరమీద మూడు చుక్కలు
కదిలాయి, ఆగాయి, కదిలాయి.
కాలిన వేళ్లకి అక్షరం దొరకాలంటే టైము పడుతుంది.

"ఉన్నాను. నాను నిలబడతాను.
మీరు బేగి ఎల్లిపోండి."

పాచిక అరచేతిలోనే ఉండిపోయింది.
వెయ్యలేదు.
జోగారావు టీ మాట ఎత్తలేదు.
ఎవరూ నూతిగట్టు వైపు చూడలేదు.

తెల్లారి ఆరింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర కనిపించింది,
చీర కొంగు తలకి చుట్టుకుని, చేతులకి బూడిద రాసుకుంటూ.
ఏదో అనాలనుకున్నాను.
తనే అడిగింది,
"ముసలమ్మ దాటీసిందా?"

*

డాలు అక్కడే ఉంది.
కోట మొత్తంలో అంత మంచి డాలు ఇంకోటి లేదు,
లోకనాథానికి దాని ధర కూడా తెలుసు.
ఎవరూ ఎత్తలేదు.
వారానికో వాక్యం చొప్పున దానికి తుప్పు రాస్తున్నాను.

హైమావతి ఇప్పుడు గోలీసోడా అమ్మే గుంటడు.
ఇనపనీలి ఎవరో వాడికి తెలీదు.
నిన్న వంతెన మీద ఆగి
"ఈ డాలెవలిదీ?" అన్నాడు.

జోగారావు గొంతు సవరించుకుని మొదలెట్టాడు:
వెన్నెల పిండారబోసినట్టుందట, నది వెండి పళ్లెంలా ఉందట...

మూడు చుక్కలు.

"కాదన్నా.
ఆ రేత్రి వాన పడతండేది."